ఆగస్టులో నీళ్లు ఆపిన రోజు

నీళ్ల ప్లాంటులో పనిచేశానని చెబితే కాకినాడలో మా వీధివాళ్లు మినరల్ వాటర్ క్యాన్ల వ్యాపారం అనుకుంటారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఇప్పుడు ఊరుకుంటున్నాను. సముద్రపు నీళ్లను తాగే నీళ్లుగా మార్చే ప్లాంటు అని చెబితే, "అక్కడ బోర్లు పడవా అండీ?" అని అడుగుతారు. బహ్రెయిన్‌లో ఏరు లేదు, చెరువు లేదు. ఒకప్పుడు నేలలోంచి మంచినీటి ఊటలు వచ్చేవట, అవి ఎప్పుడో ఉప్పుబారిపోయాయి. కుళాయి తిప్పితే వచ్చేదంతా దాదాపు సముద్రమే. ఉప్పు తీయడానికి కరెంటు కావాలి, కరెంటుకు గ్యాసు కావాలి, ఆ గ్యాసు భూమిలోంచి చమురుకు తోబుట్టువులా వస్తుంది. కాబట్టి ఆ దేశంలో నీళ్లు కూడా ఒక రకంగా చమురుతోనే తయారవుతాయి. ఈ ఒక్క వాక్యం అర్థం కావడానికి నాకు ఆ ల్యాబులో చాలా ఏళ్లు పట్టింది. పూర్తిగా అర్థమైంది మాత్రం ఒక్క రోజులో.

ల్యాబుల్లోనూ ప్లాంటుల్లోనూ కొత్తగా చేరిన పిల్లలు చదువుతారని ఆ రోజు గురించి రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. వాళ్లలో కొందరు ఇంకా అక్కడే డ్యూటీ చేస్తున్నారు.

అది కరోనా మొదలైన మరుసటి ఏడాది వేసవి. ఏడాది ముందు చమురు ధర పాతాళానికి పడి, మెల్లగా లేస్తోంది. ధర పడితే గల్ఫులో ఏమవుతుందో పేపర్లో చదివితే తెలియదు, ఆఫీసులో కూర్చుంటే తెలుస్తుంది. మొదట టీ బిస్కెట్లు ఆగిపోతాయి. తర్వాత ఓవర్‌టైం. తర్వాత, "కొనుగోళ్లన్నీ తదుపరి ఆదేశాల వరకు నిలిపివేయడమైనది" అని ఒక మెయిలు వస్తుంది. ఆ తర్వాత మనుషులు ఒకళ్లనొకళ్లు కొత్తగా చూసుకోవడం మొదలుపెడతారు. ఎవరు మిగులుతారు, ఎవరు వెళ్తారు అన్న చూపు అది.

చుట్టుపక్కల దేశాలకంటే బహ్రెయిన్‌కు ముందే చమురు దొరికింది, అందరికంటే తక్కువే మిగిలింది. అందుకని పొరుగువాళ్లకు జలుబు చేస్తే వీళ్లకు జ్వరం వస్తుంది. అప్పటికే వ్యాట్ వచ్చింది. అది రెట్టింపవుతుందన్న పుకారు మొదలైంది. కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో అకౌంట్స్ చూసే మా ఆయనకు జీతం ఏ నెలది ఏ నెలలో వస్తుందో చెప్పలేని పరిస్థితి. ప్రభుత్వం నుంచి బిల్లులు రావాలి, వస్తే అందరికీ పంచుతారు. మా అమ్మాయి ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి. మా ముగ్గురి వీసాలూ రెండు ఉద్యోగాల మీద నిలబడి ఉన్నాయి. అందులో ఒక ఉద్యోగం నాది.

నా ఉద్యోగం పోవడానికి తేదీ ఖరారైపోయింది. చీఫ్ కెమిస్టు పోస్టు ఇకమీదట దేశస్థులకే ఇవ్వాలని పైనుంచి వచ్చింది. నా కింద శిక్షణలో ఉన్న బహ్రెయినీ అమ్మాయి పనికొస్తుందని తేలితే, నా కాంట్రాక్టు ముగిసే మార్చిలో ఆమె నా కుర్చీలో కూర్చుంటుంది. తేలకపోతే మరో రెండేళ్లు నేనే. తేల్చవలసింది మా మేనేజరు. ఆయనకు రిపోర్టు రాయవలసింది నేను.

ఆ అమ్మాయికి ఇంకా ముప్పై రాలేదు. తండ్రి రిఫైనరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ తరంలో చదువు అయిన మర్నాడే సర్కారు ఉద్యోగం, ఇల్లు కట్టుకోవడానికి స్థలం, పెళ్లికి అప్పు అన్నీ దొరికేవట. ఈ అమ్మాయి కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని మూడేళ్లు ఖాళీగా ఇంట్లో కూర్చుంది. "మా నాన్నకు చమురు దొరికింది, నాకు దాని కథలు దొరికాయి" అనేది నవ్వుతూ. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషు, మధ్యమధ్య హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

తెలివైన పిల్ల. కానీ ఆ వసంతంలో ఆమెకు ఒక దెబ్బ తగిలింది. సముద్రపు నీటిలో చమురు వాసన వస్తోందని ఒకరోజు గగ్గోలు పెట్టింది. ప్లాంటు ఆపారు. తీరా చూస్తే, శాంపిల్ తీసే గది తలుపుకు ముందురోజే రంగు వేశారు. ఆ వాసన రంగులో కలిపే థిన్నరుది. మేనేజరు అందరి ముందూ కేకలేశారు. ఆ తర్వాత కంట్రోల్ రూములో ఆమె పేరు 'థిన్నర్' అయింది. అప్పటినుంచి ప్రతి మాటకూ ముందు "కాకపోవచ్చు" అని చేర్చేది.

ఇక నా సంగతి. కరోనా నాకు వచ్చి తగ్గింది. ముక్కు మాత్రం తిరిగి రాలేదు. పోపు మాడినా తెలిసేది కాదు. ల్యాబులో అందరికీ తెలుసు. "ముక్కు లేని కెమిస్టు" అని నేనే ముందు జోకు వేసుకునేదాన్ని.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం వంటింట్లో ఉండగా మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తుబ్లీలో మా ఫ్లాటు చిన్నది, వంటింట్లో ఇద్దరు పట్టరు.

"ఆ పిల్ల రిపోర్టు ఎప్పుడు రాయాలి?"

"నెలాఖరుకి."

"ఏం రాస్తావు?"

"ఉన్నదే."

"అమ్మాయి పరీక్షలు మార్చిలోనే కదా. ఆ తర్వాత ఇంజనీరింగు అంటోంది. నా జీతం చూస్తే ఇలా ఉంది. నిన్ను తప్పు చెయ్యమని కాదులే. ఆ పిల్ల ఇంకో ఏడాది నేర్చుకుంటే మాత్రం పోయేదేముంది అని."

నేను కుక్కర్ మూత పెట్టాను.

ఆ వారంలోనే ఆ రోజు వచ్చింది.

ఆగస్టులో బహ్రెయిన్ ఎండ గురించి వర్ణించను. పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని ఏసీ గదిలోంచి బయటికొస్తే అద్దాలు ఆవిరి పట్టి గుడ్డివాళ్లమవుతాం. అంతే చాలు. ఆ నెలలో దేశం తాగేది, స్నానం చేసేది, చెట్లకు పోసేది అంతా ఎక్కువే. మా ప్లాంటు పూర్తి వేగంతో నడుస్తూ ఉంటుంది. సముద్రంలోంచి పంపులు నీళ్లు లాగుతాయి, ఫిల్టర్లు వడకడతాయి, చివర మెంబ్రేన్లనే సన్నటి పొరల గుండా నీళ్లను బలవంతాన తోస్తే ఉప్పు అవతల ఆగిపోతుంది. ఆ పొరలకు ఉప్పంటే భయం లేదు, చమురంటే ప్రాణాంతకం. ఒక్కసారి జిడ్డు పట్టిందంటే కడిగితే పోదు, పొరలన్నీ తీసి పారెయ్యాలి. కొత్తవి రావాలంటే నెలలు. కొనుగోళ్లు నిలిపేసిన ఏడాదిలో ఎన్ని నెలలో ఎవరూ చెప్పలేరు.

చమురు జాడ పట్టడానికి ఒక మీటరుంది. అది వేసవి మొదట్లోనే చెడిపోయింది. లోపల ఒక దీపంలాంటి భాగం మార్చాలి. మేనేజరు పెద్దాఫీసుకు రాస్తూనే ఉన్నారు, "తదుపరి ఆదేశాలు" వస్తూనే ఉన్నాయి. సముద్రం మీద రోజూ వేల పీపాల చమురు వెళ్లే దేశంలో, నీళ్లలో చమురు కనిపెట్టే మీటరుకు స్పేర్ పార్టు కొనడానికి చమురు డబ్బు చాలలేదు.

ఆ ఉదయం ఆ అమ్మాయి శాంపిల్ సీసాలతో వచ్చి ల్యాబు తలుపు వేసింది. ఎప్పుడూ తలుపు వెయ్యదు.

"మేడమ్, ఒకసారి ఇది చూస్తారా? కాకపోవచ్చు."

"ఏమిటి?"

"వాసన. నాకే అనిపిస్తోందేమో."

"ఎలాంటి వాసన?"

ఆమె మాస్కు కిందికి లాగి సీసా మూత మళ్లీ తీసింది. "డీజిల్ కాదు. పెట్రోలూ కాదు. మా నాన్న రిఫైనరీ నుంచి ఇంటికొచ్చాక బట్టలు విడిస్తే వచ్చేది. అమ్మ వాటిని వేరే బక్కెట్లో నానబెట్టేది."

అలవాటుకొద్దీ సీసా నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఉప్పు వాసన కూడా లేదు. నీళ్లను తెల్లటి పళ్లెంలో పోసి కిటికీ దగ్గర వంచి చూశాం. రంగుల తళుకు కనిపించినట్టే ఉంది, కళ్లు ఆర్పితే లేదు. చేత్తో చేసే పరీక్ష మొదలుపెట్టాను. దాని ఫలితం మధ్యాహ్నానికి గానీ రాదు. ఈలోగా పంపులు లాగినదంతా మెంబ్రేన్ల దాకా వెళ్లిపోతుంది.

సముద్రం ఒడ్డున పంపుల నోటి దగ్గర పేరుకున్న నాచునీ జెల్లీ చేపల్నీ తీసే ముఠా ఒకటి ఉండేది. వాళ్ల మేస్త్రీది జగిత్యాల వైపు పల్లె. ఫోన్ చేసి అతన్ని అడిగాను, ఏమైనా వాసన వస్తోందా అని.

"మా పక్కనే డీజిల్ పంపు నడుస్తున్నది గదక్కా. మాకు పొద్దుందాక గదే వాసన. ఏందో ఎట్ల ఎరుక?"

నీళ్ల మీద ఏమైనా కనిపిస్తోందా అంటే, "ఏం లేదక్కా, ఎప్పటి లెక్కనే ఉన్నది" అన్నాడు.

ఫోన్ పెట్టి తిరిగేసరికి ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. "మీరు చెప్పండి మేడమ్. నేను చెబితే నవ్వుతారు."

నా ముందు రెండు దారులున్నాయని నాకు తెలుసు. 'నీకు వాసన వచ్చింది కాబట్టి నువ్వే చెప్పు' అని పంపించవచ్చు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె మాట మేనేజరు వింటే, అది మళ్లీ థిన్నరే అయితే, రిపోర్టు నేను రాయకుండానే రాసినట్టవుతుంది. నా చేతికి మట్టి అంటదు. కుక్కర్ మూత, గుమ్మంలో మా ఆయన గుర్తుకొచ్చారు.

"ఇద్దరం వెళ్దాం పద" అన్నాను.

మా మేనేజరు యాభై దాటిన బహ్రెయినీ. మంచి మనిషి. చాలామంది మంచివాళ్లలాగే పై అధికారులంటే భయం. కంట్రోల్ రూములో తెరల ముందు నిలబడి మా మాట మొత్తం విన్నారు. తర్వాత నన్నే అడిగారు.

"నీకు వాసన వస్తోందా?"

"లేదు. నా సంగతి మీకు తెలుసు కదా."

"పరీక్ష?"

"మధ్యాహ్నానికి."

"మీటరు?"

అడిగిన ఆయనే తల దించుకున్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని, కోపం లేకుండా, నాకు పాఠం చెబుతున్నట్టు అన్నారు. "చూడు, మీ దేశంలో నీళ్లు రాకపోతే జనం బిందెలు పట్టుకుని రోడ్డు మీదికొస్తారు. నాయకుణ్ని తిడతారు, ఓటు వేస్తారు, మళ్లీ తిడతారు. ఇక్కడ అలా కాదు. మా వాళ్ల జీతం మీద పన్ను లేదు. నీళ్లు, కరెంటు, పెట్రోలు చౌకగా ఇస్తాం. మా తాతల కాలంనుంచి ఇంటికీ సర్కారుకీ మధ్య ఉన్న మాట అది. ఇప్పటికే పెట్రోలు పెంచాం, వ్యాట్ తెచ్చాం. ఆ మాట కొంచెం కొంచెం అరిగిపోతోంది. ఆగస్టులో, ఒక పిల్ల ముక్కు మీద నమ్మకంతో, నేను నీళ్లు కూడా ఆపాలంటావా?"

ఆ అమ్మాయి చేతిలోని సీసా మూతను బిగిస్తూ, వదులు చేస్తూ ఉంది. "కాకపోవచ్చు సర్" అంది నెమ్మదిగా.

"ఈ వాసన ఆమెకు కాక నాకు వచ్చి ఉంటే ఆపేవారా?" అని అడిగాను.

ఆయన ఆలోచించారు. "ఆపేవాణ్ని."

"అయితే నాకు వచ్చిందనుకోండి."

"వచ్చిందనుకోవడం ఏమిటి?"

"ఆమెకు శాంపిల్ తీయడం నేర్పింది నేను. వాసన పట్టడం నేర్పిందీ నేనే, నా ముక్కు బాగున్నప్పుడు. మాట నాది. తప్పైతే నన్నడగండి."

ఆయన కుర్చీలోంచి లేచారు. పక్కనున్న ఆపరేటరుతో "ఖలాస్, ఆపెయ్" అన్నారు.

పంపులు ఒక్కొక్కటే ఆగాయి. ప్లాంటులో ఇరవై నాలుగు గంటలూ ఒక హోరు ఉంటుంది. కొన్నేళ్లకు అది చెవికి వినిపించడం మానేస్తుంది. అది ఆగినప్పుడే అంతకాలం వింటున్నామని తెలిసింది. ఆ నిశ్శబ్దంలో ఫోన్ మోగడం అందరికీ వినిపించింది. పెద్దాఫీసు నుంచి.

ఇక అక్కణ్నుంచి నిరీక్షణే. పంపుల నోటికి అడ్డంగా, నీటి మీద తేలే రబ్బరు గోడ ఒకటి పరచాలి. దాన్ని లాగడానికి ఇదివరకు ఒక పడవ ఉండేది. ఖర్చులు తగ్గించడంలో ఆ పడవ కాంట్రాక్టు పోయింది. మేస్త్రీని పిలిచి, తాళ్లు కట్టి మనుషులతో ఒడ్డునుంచే లాగించగలవా అని మేనేజరు అడిగారు.

మేస్త్రీ ఆకాశం వైపు చూసి హిందీలో చెప్పాడు. "లాగుతం. గని పన్నెండు గొట్టినంక ఎండల పని జేయొద్దని రూలున్నది. అంతల్నే ఒడగొట్టాలె." తర్వాత నా వైపు తిరిగి తెలుగులో గొంతు తగ్గించి, "అక్కా, నిజంగనే ఏమన్న వస్తున్నదా? ఉత్తగనే మా పోరగాండ్లను ఉడకబెడ్తున్నరా?" అన్నాడు.

"తెలీదు తమ్ముడూ" అన్నాను. అది తప్ప చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

వాళ్లు తాళ్లు భుజాలకు వేసుకుని లాగారు. నేను ల్యాబు కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. నీళ్లు నీలంగా, శుభ్రంగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉన్నాయి. అంత అందమైన సముద్రాన్ని చూసి అంతగా భయపడటం నాకదే మొదలు, అదే ఆఖరు. చమురు రాకూడదని కోరుకోవాలి. రాకపోతే ఆ పిల్ల గతేమిటి? నా గతేమిటి? ఏం కోరుకోవాలో తెలియక టెస్టు గాజు గరాటును పట్టుకుని నిలబడ్డాను.

పన్నెండు ఇంకా కాకముందే ఒడ్డున కలకలం. లాగుతున్నవాళ్లలో ఒకడు కూలిపోయాడు. పరిగెత్తాం. నిజామాబాద్ అతను, ముప్పై ఐదేళ్లుంటాయి. వాంతి చేసుకున్నాడు, ఒళ్లు నిప్పులా కాలుతోంది, చెమట మాత్రం పట్టడం లేదు. ఆ అమ్మాయి తన తలకు చుట్టుకున్న బట్ట మీది రెండో పొర విప్పి, ల్యాబులోని మంచు ముక్కలు అందులో కట్టి అతని మెడకింద పెట్టింది. మేస్త్రీ "ఏమైతలేదురా, ఇటు సూడు, నన్ను సూడు" అంటూనే ఉన్నాడు. ప్లాంటు కారులో ఆస్పత్రికి పంపారు. మిగిలినవాళ్లను మేనేజరు ఆపేశారు. అడ్డుగోడ సగానికి పైగా పడింది, ఒక పక్క ఇంకా తెరిచే ఉంది.

పరీక్ష ఫలితం వచ్చింది. జాడ ఉంది అనడానికి తక్కువ, లేదు అనడానికి ఎక్కువ. సీసా సరిగ్గా కడగకపోయినా అంత జిడ్డు వస్తుంది.

ఆ అమ్మాయి ల్యాబు బల్ల అంచున కూర్చుంది. "అతనికేమైనా అయితే నా వల్లే. నాకు నిజంగా వాసన వచ్చిందో, రావాలనుకున్నానో ఇప్పుడు నాకే తెలియడం లేదు మేడమ్." ఓదార్చడానికి నోరు తెరిచాను. ఆ మాట నాకూ లోపల తిరుగుతూనే ఉందని గుర్తొచ్చి మూసుకున్నాను. ఆస్పత్రి నుంచి ఇంకా కబురు లేదు.

మేనేజరు ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పెద్దాఫీసు నుంచి ఒకాయన కారులో బయల్దేరాడట. "ఊళ్లో కొన్నిచోట్ల అప్పుడే ప్రెషర్ తగ్గింది. మధ్యాహ్నపు జుహర్ నమాజు చేసుకుని వచ్చి పంపులు వేస్తాను. నీమీద నాకు కోపం లేదు" అన్నారు. ఆ చివరి వాక్యం ఉద్యోగం పోయిందని చెప్పడానికి వాడే వాక్యం.

నేను బయటికి నడిచాను. ఒడ్డున ఎవరూ లేరు. ఎండకు కళ్లు తెరవలేకపోయాను. గాలి వీస్తోంది, సముద్రమంతా సన్నగా ముడతలు పడుతోంది. చాలాసేపు ఊరికే చూశాక, ఒక్కచోట ముడతలు లేవని గమనించాను. చీర మీద ఇస్త్రీపెట్టె నడిచినంత మేర నీళ్లు నున్నగా ఉన్నాయి. మేఘం నీడేమో అనుకుందామంటే ఆకాశంలో మేఘం లేదు. ఆ నునుపు మెల్లగా ఒడ్డువైపు జరుగుతోంది. దాని వెనక గోధుమరంగు పాయలు, తాళ్లలాగా, ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ.

కేక వేశాననుకుంటాను. మేనేజరు చొక్కా చేతులు పైకి మడిచి, నమాజుకు ముందు కడుక్కున్న వజూ నీళ్ల తడి మోచేతులకు ఇంకా ఆరకుండానే వచ్చారు. ఆ అమ్మాయీ వచ్చింది. ముగ్గురం చూస్తూ ఉండగానే మొదటి పాయ రబ్బరు గోడకు తగిలి పక్కకు జారింది. రెండోది తెరిచి ఉన్న వైపునుంచి లోపలికి వచ్చి, ఆగి ఉన్న పంపుల నోటి ముందు నల్లగా పరుచుకుంది.

"అల్‌హమ్దులిల్లా" అన్నారు మేనేజరు. అన్నాక, దేనికి దేవుడికి దండం పెట్టానో అర్థమై నవ్వడం మొదలుపెట్టారు. నాకూ నవ్వొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. నేలమీద కూర్చుని ఏడ్చింది.

అది ఏ ఓడ వదిలిందో, ఎక్కడ కారిందో చివరిదాకా తెలియలేదు. ఆస్పత్రిలో అతనికి సెలైన్ ఎక్కించి సాయంత్రానికి ప్రమాదం లేదన్నారు. పంపుల దగ్గర శుభ్రం చేసి ప్లాంటు మళ్లీ నడిచేదాకా కొన్ని రోజులు ఊరికి నీళ్లు చాలలేదు. ముందు ఆస్పత్రులకు, తర్వాత ఇళ్లకు. డబ్బున్నవాళ్ల అమ్వాజ్‌లో ఉండే మా స్నేహితురాలికి ఆ సంగతే తెలియదు. వాళ్ల అపార్టుమెంటు ట్యాంకు అంత పెద్దది. తుబ్లీలో మేము పొదుపుగా వాడుకున్నాం.

మర్నాడు మేస్త్రీ ఫోన్ చేశాడు. వాళ్ల క్యాంపు అస్కర్ దగ్గర.

"అక్కా, మా క్యాంపుల నిన్న రాత్రి సంది నల్ల వస్తలేదు. ట్యాంకరు అడిగితె రేపంటున్నరు. ఎండల తాళ్లు గుంజొచ్చినోళ్లు తానం జెయ్యకుండ పన్నరు. గా నీళ్లను కాపాడింది మేమే గద. మా దాక వచ్చేటాలకు ఎందుకు ఆగినయి?"

మేనేజరును అడిగాను. ఆయన ఎవరెవరికో ఫోన్లు చేశారు. ట్యాంకరు ఆ సాయంత్రమే వెళ్లింది, కానీ అంతకుముందే మా ఆయనా నేనూ కారు డిక్కీలో పట్టినన్ని క్యాన్లు వేసుకుని అస్కర్ వెళ్లాం. అన్ని గదులకూ అవి ఏ మూలకు? మేస్త్రీ క్యాన్లు దించుకుని, "ఎండలబడి ఎందుకొచ్చిన్రక్కా" అన్నాడు. అందులో కృతజ్ఞత ఎంతో, నిష్ఠూరమెంతో నాకు తెలియలేదు. తిరిగి వస్తున్నప్పుడు మా ఆయన స్టీరింగు మీద చూపు నిలిపి, "రిపోర్టు ఉన్నదే రాయి" అన్నారు.

మీటరు స్పేర్ పార్టు వారం తిరక్కుండా విమానంలో వచ్చింది. కొనుగోళ్ల నిషేధం దానికి ఎలా వర్తించలేదో ఎవరూ అడగలేదు. చమురు ఒడ్డుకు కొట్టుకొస్తే గానీ చమురు డబ్బు కదలలేదు. నేను రిపోర్టు రాశాను. ఆమెకు పోస్టు ఖాయమైంది. మార్చిలో నా కాంట్రాక్టు ముగుస్తుందని కాగితం వచ్చింది.

వెళ్లేముందు ఇంకో వింత చూశాను. ఫిబ్రవరిలో ఎక్కడో చల్లటి దేశాల్లో యుద్ధం మొదలై చమురు ధర ఎగిసింది. పెద్దాఫీసులో మొహాలు విచ్చుకున్నాయి, ఆగిపోయిన ఓవర్‌టైం వచ్చింది, టీలోకి బిస్కెట్లు వచ్చాయి. మా ఆయన జీతం నెలలోపే పడింది. టీవీలో కూలిన ఇళ్లు చూపిస్తుంటే, ఆ పక్కనే కింద చమురు ధర అంకె పాకుతుంటే, దేన్ని చూడాలో తెలియక ఛానల్ మార్చేవాళ్లం. చమురు మీద బతికే దేశంలో మన మంచిరోజు ఎవరి చెడ్డరోజులోంచి వచ్చిందో ఆరా తీసే అలవాటు ఉండదు. జీతం తీసుకున్నదాన్ని, నేను మాత్రం ఎలా తీస్తాను.

నా ఆఖరి వారంలో మేనేజరు టీకి పిలిచారు. "ఆ రోజు నువ్వు ఊరుకుని ఉంటే, నేను పంపులు ఆపేవాణ్ని కాదు. ప్లాంటు పోయేది. కానీ తప్పు ఆమెదయ్యేది, గట్టిగా చెప్పలేదని. ఈ కుర్చీ నీకు మిగిలేది. ఈ సంగతి నాకు తెలుసు" అన్నారు. తర్వాత, "ఆమెకీ తెలుసు. నీకంటే ముందే లెక్క చూసుకుంది" అన్నారు.

ల్యాబుకు వచ్చి ఆమెను అడిగాను. "నువ్వు పడిపోతే నాకు లాభమని నీకు తెలుసా?"

ఆమె బ్యూరెట్ గొట్టం నింపుతోంది. నింపడం ఆపలేదు. "తెలుసు మేడమ్. ఇంట్లో రోజూ ఆ మాటే. మా అమ్మ, ఆ ఇండియా ఆవిడ నిన్ను నిలబడనివ్వదు అనేది."

"మరి ఆ పొద్దున ముందు నా దగ్గరికే ఎందుకు వచ్చావు?"

ఆమె చెయ్యి ఆగింది, ఈ ప్రశ్న తనకెప్పుడూ తట్టనట్టు.

"భయమేసింది" అంది. "భయమేస్తే మీ దగ్గరికే కదా వచ్చేది."

బయట పంపులు హోరుమంటున్నాయి. మధ్యాహ్నం శాంపిల్ వేళయింది. ఆమె సీసాల ట్రే ఎత్తుకుని, మోచేత్తో తలుపు తోసి, నేను వచ్చేదాకా తలుపు మూసుకుపోకుండా పట్టుకుని నిలబడింది.